ఎవ్వరిదీ కాని అరుపు

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే మా ఇంట్లోవాళ్లు సూటిగా చెప్పరు. సౌండ్ ఇంజినీర్ అని తప్పించుకుంటారు. కరీంనగర్‌లో మా గల్లీవాళ్లకు మాత్రం నేను అరుపుల యూసుఫ్‌ని. ముప్ఫై ఏళ్లకు పైగా చిన్న చిన్న స్టూడియోల్లో కూర్చొని నాటకాలకు, షార్ట్ ఫిల్ములకు, జానపద పాటల వీడియోలకు, గనుల భద్రత మీద తీసే చిత్రాలకు చప్పుళ్లు చేశాను. వాన, ఉరుము, ఎడ్లబండి, కిర్రుమనే తలుపు, అన్నీ చేశాను. పేరొచ్చింది మాత్రం అరుపులకే. బావిలో పడేవాడి అరుపు, దయ్యాన్ని చూసినామె అరుపు, కత్తిపోటు తిన్నవాడి అరుపు. ఏ మనిషీ నోరు తెరవకుండా, కంప్యూటర్‌లో మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌తో వీటిని పుట్టించడం నా పని. "అందరికి నవ్విచ్చేటోళ్లు దొరుకుతరు, నాకు అరిపిచ్చేటోడు దొరికిండు" అని మా ఆవిడ ఖైరున్నిసా నలుగురిలో అనేది.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చి ఏదైనా రాసిపెట్టమంటున్నారు. ఏ మీట ఎంత తిప్పాలో రాస్తే రెండేళ్లలో పాతబడిపోతుంది. అందుకని అది కొంచెమే రాస్తాను. నా పేరు మీద తిరిగిన అరుపుల్లో ఒకటి నేను చేసింది కాదు. ఒక తల్లి దగ్గర అడక్కుండా తీసుకున్నది. దానివల్ల ఆమె ఏం పోగొట్టుకుందో, నేను దాన్ని తిరిగి ఇవ్వగలిగానో లేదో చెప్పడానికే ఈ నాలుగు కాగితాలు.

బావిలో ఇంగ్లీషువాడు

మా అబ్బాది, అంటే మా నాన్నది, మైక్ సెట్ దుకాణం. పెళ్లిళ్లకు, సభలకు లౌడ్‌స్పీకర్లు కట్టేవాళ్లం. అక్కడినుంచి నన్ను స్టూడియోకు లాక్కెళ్లింది లింగయ్య సారు. ఆయన నాటకాలకు తెర వెనక రేకు ఊపి ఉరుము తెప్పించిన మనిషి. కోపం ఎక్కువ, చెవి అంతకంటే ఎక్కువ. మనం చేసిన చప్పుడు నచ్చకపోతే తిట్టడు, లేచి బయటికి పోయి చాయ్ తాగుతాడు. సారు ఎన్ని చాయ్‌లు తాగాడన్నదాన్ని బట్టి నా పని ఎట్లుందో తెలిసేది.

కొత్తలో నేను బయటి దేశం సీడీల్లోంచి అరుపులు తీసి అతికించేవాణ్ని. అట్లాంటిదే ఒకటి, రైతు బావిలో పడే సీనుకు పెట్టాను. ఆ చిత్రాన్ని జమ్మికుంట పత్తి మార్కెట్ షెడ్డులో తెర కట్టి చూపించారు. రైతు కాలుజారాడు, "ఆఁ..." అని గొంతు చించుకొని అరిచాడు. జనం ఒక్కసారి నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన పక్కవాడితో, "బాయిల ఇంగ్లీషోడు పడ్డట్టున్నడు" అన్నాడు. తర్వాత రైతు పెళ్లాం ఏడుస్తున్నా నవ్వు ఆగలేదు. డైరెక్టర్ నావైపు చూడలేదు.

లింగయ్య సారు నన్ను పత్తి కుప్పల పక్కకు తీసుకుపోయాడు.

"నువ్వెప్పుడన్న ఎత్తుమీదికెల్లి పడ్డవారా?"

"పడ్డ సార్. చిన్నప్పుడు, స్తంభానికి మైక్ కట్టంగ."

"అప్పుడేమన్నవ్?"

"అమ్మీ అన్న."

"గంతే. మనోళ్లు ఉత్తగ అరువరు. ఎవల్నో పిలుస్తరు. అవ్వనో, బాపునో, దేవున్నో. పిలుపు లేని అరుపు మన చెవికి ఎక్కది."

ఆ మాట మీదే నా పనంతా నిలబడింది. సాఫ్ట్‌వేర్‌లో అరుపు కట్టాలంటే మొదట రంపపు పళ్లలాంటి గరుకు స్వరం ఒకటి తీసుకుంటాం. దాన్ని అలాగే వింటే స్కూటర్ హారన్‌లా ఉంటుంది. రెండు మూడు ఫిల్టర్లు పెట్టి, నోరు ఎంత తెరుచుకుందో, నాలుక ఎక్కడుందో ఆ ఫిల్టర్లతో చెప్పిస్తే అది "అ" అంటుంది, "ఓ" అంటుంది. గొంతు చీరుకుపోయినట్టు ఉండాలంటే స్వరాన్ని చాలా వేగంగా వణికించాలి. దాని వెనక గాలి చప్పుడు కలపాలి. నేను వీటికి తోడు మరొకటి చేసేవాణ్ని. మధ్యలో కనురెప్పపాటు పైస్వరాలన్నీ మూసి మళ్లీ తెరిచేవాణ్ని. పెదాలు ఒకసారి కలిసి విడిపోయినట్టు ఉంటుంది. "అవ్వా" అన్న మాట వినపడదు కానీ, విన్నవాడికి ఎవరినో పిలుస్తున్నారని తెలుస్తుంది. జమ్మికుంట తర్వాత నా అరుపులకు ఎవరూ నవ్వలేదు.

సర్దార్ కొమురయ్య దిద్దుబాటు

ఇంకొక పాఠం గోదావరిఖనిలో నేర్చుకున్నాను. బొగ్గు గనిలో పైకప్పు కూలే సీనుతో భద్రత చిత్రం తీస్తున్నారు. సలహా చెప్పడానికి కొమురయ్య అనే రిటైరైన మైనింగ్ సర్దార్‌ను పిలిచారు. పని మొదలయ్యే ముందు కర్రతో కప్పు తట్టి, చప్పుడు విని, లోపలికి పోవచ్చో లేదో చెప్పే ఉద్యోగం ఆయనది. లింగయ్య సారు తర్వాత అంత మంచి చెవి ఉన్న మనిషిని నేను చూసింది ఆయన్నే.

ఆ సీనుకు నేను వారం కష్టపడి మూడు గొంతుల అరుపు కట్టాను. కొమురయ్య తల వంచుకొని విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. "పనితనం మంచిగున్నది" అన్నాడు. నేను సంతోషపడేలోపే, "కాని తీసెయ్" అన్నాడు.

"ఎందుకు కాకా?"

"కప్పు కూలితే కింద ఉన్నోనికి అరిచే టైముండది బిడ్డా. అరిచేటోళ్లు మీద, గని మూతి కాడ ఉంటరు. నేను రెండుసార్లు విన్న. కింద మాత్రం ఏం చప్పుడుండది."

సీన్లోంచి అరుపు తీసేసి, దుమ్ము రాలే చప్పుడు, తర్వాత ఖాళీ పెట్టాం. ఆ చిత్రం చూపించినప్పుడు కార్మికుల భార్యలు కొందరు లేచి బయటికి వెళ్లిపోయారు. అరుపు ఎక్కడ పెట్టకూడదో తెలిసినవాడే ఈ పనికి పనికొస్తాడని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అంత తెలిసినవాణ్ని అని పొంగిపోయిన తర్వాతే నా అసలు తప్పు జరిగింది.

డప్పుల కోసం పోయి

ఒకాయన డప్పు మీద డాక్యుమెంటరీ తీస్తూ, సావు డప్పు కావాలన్నాడు. మంథని అవతల ఒక ఊళ్లో మల్లేశ్ అనే పిల్లవాడు పొలం మోటరు దగ్గర కరెంటు షాక్ కొట్టి పోయాడు. డప్పులవాళ్ల పెద్దను అడిగి, ఆయన సరేనంటే రికార్డర్ పట్టుకొని వాళ్ల వెంట వెళ్లాను. ఇంటివాళ్లను అడగలేదు. అడగాలని తోచలేదు.

పాడె ఎత్తే వేళకు పిల్లవాడి తల్లి రాజవ్వ గడప దాటి బయటికి వచ్చి శోకం తీసింది. మా ఇళ్లల్లో సావు జరిగితే ఏడుస్తాం కానీ, రాగం తీసి, పోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి, వాళ్ల మంచి చెప్పుకుంటూ ఏడవడం లేదు. "ఓ నా కొడుకా మల్లేశా" అని ఆమె ఎత్తుకోగానే డప్పులవాళ్లే దెబ్బ తగ్గించారు. నా చేతిలో మైకు ఆమెవైపు తిరిగింది. దానంతట అదే తిరిగిందని ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. తిప్పింది నేనే.

స్టూడియోకు వచ్చి ఆ శోకంలోంచి మాటలన్నీ కత్తిరించాను. పిల్లవాడి పేరు తీసేశాను. రెండు మాటల మధ్య ఆమె సాగదీసిన "ఓ" ఒక్కటి మిగిల్చాను. మధ్యలో ఊపిరి తెగి మళ్లీ అందుకొని, మూడు మెట్లు దిగే స్వరం. ఆరు సెకన్లు. ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్‌తో కొట్లాడినా అట్లాంటిది నాకు రాలేదు. పేరు లేదు, మాట లేదు, ఇక ఇది ఎవరిదని ఎవరికి తెలుస్తుంది అనుకొని, కొంచెం ప్రతిధ్వని కలిపి, నేను కట్టిన అరుపుల మధ్య దాచాను.

అడిగినవాళ్లకల్లా ఇచ్చాను. దయ్యం మీద తీసిన ఒక హాస్యపు షార్ట్ ఫిల్ములో అది పడింది. దయ్యం బాత్రూమ్‌లోంచి తొంగిచూసినప్పుడల్లా రాజవ్వ "ఓ" వినిపించేది. జనం పొర్లి పొర్లి నవ్వారు. తర్వాత అది ఫోన్లలో రింగ్‌టోన్ అయింది. పెళ్లి బరాత్‌లలో, ఊరేగింపుల్లో డీజేవాళ్లు పాటకూ పాటకూ మధ్య దాన్ని వదిలేవారు. నా అరుపు ఊరూరా మోగుతుందని నేను గర్వపడ్డాను కూడా.

రాగం పుట్టింటిది

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఒకామె స్టూడియోకు వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. అంగన్‌వాడీ టీచర్‌నని, పేరు స్వరూప అని చెప్పింది. షార్ట్ ఫిల్మువాళ్లను అడిగి, పెద్దపల్లి మీదుగా రెండు బస్సులు మారి నన్ను పట్టుకుంది. ఆ దయ్యం అరుపు ఒకసారి వినిపించమంది. ఆమెకు కూడా దేనికో కావాలనుకున్నాను. పెద్ద స్పీకర్లలో పెట్టి, "మంచిగొచ్చింది గదమ్మా, అందరు గిదే అడుగుతరు" అన్నాను.

"అది మా అవ్వ" అంది స్వరూప.

నా ముందు కూర్చున్నది రాజవ్వ కూతురు. నా నోట వచ్చిన మాట సిగ్గుచేటుది. "ఇండ్ల మాట ఒక్కటి గూడ లేదు గదా" అన్నాను.

"మాటలెందుకు సార్? శోకం రాగం పుట్టింటిది. మా అమ్మమ్మోళ్లది హుస్నాబాద్ దిక్కు. మా ఊళ్లె గా రాగం తీసేది మా అవ్వ ఒక్కతే. పక్కింట్ల బరాత్‌ల మోగినప్పుడు పోరగాండ్లు సుత గుర్తువట్టిన్రు. రాజవ్వ, రాజవ్వ అని ఒర్రుకుంట ఎగిరిన్రు. అవ్వ వాకిట్ల నిలవడి చూస్తున్నది."

పేరు తీసేస్తే ఎవరిదో తెలియదనుకున్న నాకు, ఆ రాగమే పేరని తెలియదు. తెలియదంటే తప్పు పోదు.

"గా దినం సంది అవ్వ గొంతు తెరువలే" అంది స్వరూప. "మొన్న మా పెద్దమ్మ, అంటే అవ్వ సొంత అక్క, సచ్చిపోయింది. అక్కను గడప దాటిచ్చేటప్పుడు చెల్లె శోకం తియ్యాలె. అవ్వ బండోలె కూసున్నది. నోరు తెరిస్తె పోరలు నవ్వుతరని భయం. అక్క మీద పావురం, ప్రేమ లేదని చుట్టాలంత అన్నరు. పెద్దమ్మ శోకం లేకుంటనే పోయింది సార్."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బ్యాగు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. "నాకేమొద్దు. మా అవ్వ శోకం మా అవ్వకు ఇప్పియ్యిండ్రి" అంది.

ఇంటికి పోయి ఖైరున్నిసాకు చెప్పాను. ఎప్పుడూ ఏదో ఒక ఎత్తిపొడుపు మాట అనే మనిషి చేతిలో పని పక్కన పెట్టింది. "మీ అమ్మీ ఏడ్సింది ఎవలన్న గిట్ల మోగిస్తె ఏం చేద్దువు?" అని మాత్రం అడిగింది.

ఎవ్వలు గాదు

నోటి మాట లాంటిదే ఫోన్లలోకి పోయిన చప్పుడు. తిరిగి రాదు. డీజేవాళ్లను తీసేయమంటే తలూపుతారు, మోగిస్తారు. ముల్లును ముల్లుతోనే తీయాలె అంది ఖైరున్నిసా. దానికంటే బాగా పేలే అరుపు ఇంకొకటి చేసి ఊరికే పంచితే, పాతదాన్ని వాళ్లే మరిచిపోతారు. అది ఏ మనిషి గొంతూ తగలకుండా, మొదటి చుక్క నుంచి సాఫ్ట్‌వేర్‌లోనే పుట్టాలి. విని తీర్పు చెప్పేది స్వరూపే అనుకున్నాం.

మొదటిది వారంలో కట్టాను. ఆమె ఆదివారం వచ్చి విని, "గిది గూడ అవ్వే" అంది.

రాజవ్వ రికార్డింగులోంచి ఇసుమంత కూడా వాడలేదు. అయినా పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఊపిరి అక్కడే తెగుతోంది, స్వరం అవే మూడు మెట్లు దిగుతోంది. నా చెవి ఆమె రాగానికి అలవాటుపడిపోయింది. చేతులు నాకు చెప్పకుండానే అదే కడుతున్నాయి.

ఊపిరి తెగే చోటు మార్చాను. గొంతు సన్నం చేశాను. మరుసటి ఆదివారం స్వరూప విని, కొంగుతో ముఖం తుడుచుకుంది. "గిది మా పెద్దమ్మ" అంది.

ఒకే ఇంటి రాగం కదా. అప్పుడు అర్థమైంది, మార్చవలసింది గొంతును కాదని. మెట్లు తీసేశాను. దిగే స్వరాన్ని ఎక్కించి, పైనే తుంచేశాను. లింగయ్య సారు చెప్పిన పిలుపు ఉంది చూశారా, పెదాలు కలిసి విడిపోయే ఆ రెప్పపాటు, దాన్ని కూడా తీసేశాను. ముప్ఫై ఏళ్లు నా పనికి ప్రాణమనుకున్నదాన్ని నా చేతులతోనే తీసేయాల్సి వచ్చింది. మిగిలింది గరుకుగా, కోపంగా, చెవిలో గుచ్చుకునేలా ఉంది. స్వరూప దాన్ని నాలుగుసార్లు వింది.

"ఇది ఎవ్వలు గాదు" అంది.

ఆ ఫైలుకు అదే పేరు పెట్టాను. షార్ట్ ఫిల్ము డైరెక్టర్ గొణిగి గొణిగి చివరికి పాతది తీసి ఇది పెట్టాడు. డీజేవాళ్లు ఎగబడి తీసుకున్నారు. పాతది అన్ని ఫోన్లలోంచీ పోయిందని నేను చెప్పను. పోలేదు. కానీ ఆ దసరాకు మంథని వైపు ఊళ్లలో మోగింది కొత్తదే అని స్వరూప ఫోన్ చేసి చెప్పింది.

పిల్లలూ, ఇప్పుడు మీ దగ్గర మాట చెబితే అరుపు చేసిపెట్టే మిషన్లు ఉన్నాయి. వాడుకోండి, నాకు అసూయ లేదు. కానీ అది ఎవరి గొంతు తిని అరుస్తోందో అడగండి. చెప్పనివాడి దగ్గర తీసుకోకండి. మీరే కట్టుకోండి, కష్టమైనా సరే.

మంథని బస్సు

తర్వాత నేను రాజవ్వ దగ్గరికి పోయాను. ఆమె వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"నా కొడుకు సావుకు డప్పులోళ్ల ఎంబడి వచ్చిన మైకు సాయబువు నువ్వేనా? గా దినం నీకు మంచినీళ్లన్న ఇచ్చిన్రా మావోళ్లు?"

ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను. "అడగకుంట తీసుకున్న రాజవ్వా. తప్పయింది" అన్నాను.

"అడిగితె ఇయ్యకపోదును" అంది ఆమె. పర్వాలేదని అనలేదు. ఎందుకు అనాలి.

ఆనాటి మెమరీ కార్డు ఆమె చేతిలో పెట్టాను. నీ శోకం ఇందులో ఉంది, నా దగ్గర ఇంకెక్కడా లేదని చెప్పాను. గోరంత ఉన్న ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "గింతనా?" అంది. కొంగు చివర ముడేసుకుంది. మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంటూ, "మరి గిప్పుడు గా డీజేల మోగేది ఏంది?" అని అడిగింది.

ఫోన్‌కు తగిలించిన హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు పెట్టి వినిపించాను. బీడీ చుడుతున్న వేళ్లు ఆగిపోయాయి.

"ఎవల్ని పిలుస్తున్నది?"

"ఎవల్ని పిలుస్తలేదు. మిషన్ అరుపది."

ఇంకొకసారి వింది. హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టింది.

"పాపం. దీనికి ఎవ్వలు లేరా సాయబూ?"

ఆమె చాట పక్కకు జరిపి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని గోడవైపు తిరిగింది. తర్వాత సన్నగా, ముందు గాలే వచ్చి, గొంతు వెనక వచ్చింది.

"ఓ నా అక్కా..."

ఇంట్లోంచి స్వరూప వచ్చి గడపలో నిలబడింది. నా చేయి సంచిలోకి పోయింది. రికార్డర్ ఇంటి దగ్గరే వదిలి వచ్చాను, అయినా చేయి పోయింది. చూసుకొని, లేచి, చెప్పకుండానే బయటికి నడిచాను. రోడ్డు మీదికి వచ్చినా రాగం వినిపిస్తూనే ఉంది. ఊపిరి తెగడం, అందుకోవడం, మూడు మెట్లు దిగడం. దాని తర్వాత ఆమె అక్కతో ఏం చెప్పుకుంటుందో అది వాళ్లిద్దరిది. హెడ్‌ఫోన్స్ చెవులకు గట్టిగా పెట్టుకొని, అందులో ఏదీ మోగించకుండా, మంథని బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.